బొటనవ్రేలి వంకర - వదులు కీలు: ఒక శస్త్రచికిత్స చరిత్ర

మనుష్యుడు దినమునకు పదిమారులు అద్దములో ముఖము చూచుకొనును గాని, తన్ను మోయుచున్న పాదముల వంక చూచుట అరుదు. ముల్లు గ్రుచ్చుకొన్నపుడో, చెప్పు కరచినపుడో మాత్రమే వాని ఉనికి జ్ఞప్తికి వచ్చును. ఒక్కొక్క పాదములో 26 ఎముకలు గలవు. ఇవి కీళ్లచేతను, సంధిబంధనములచేతను కూర్చబడి, నిలుచునపుడు స్తంభమువలె గట్టిగాను, నేల ఎగుడుదిగుడుగా నున్నచోట మెత్తగాను పనిచేయును. గట్టిదనము, మెత్తదనము రెండును ఒకే యంత్రమునకు ఉండవలసి వచ్చుటయే పాదము యొక్క విశేషము. దాని కష్టమునకును మూలమదియే.

ఈ కష్టములలో మిక్కిలి ప్రసిద్ధమైనది బొటనవ్రేలి వంకర. బొటనవ్రేలు క్రమముగా తన స్థానము తప్పి రెండవ వ్రేలి వైపు ఒరుగును. దాని మొదట, పాదము లోపలి అంచున, ఒక బొడిపె లేచును. చెప్పు ఒరసికొనుటచే అది ఎఱ్ఱబడి, వాచి, నడచునపుడు బాధ పెట్టును. ఆంగ్లములో దీనిని బనియన్ అందురు. మనము చొక్కా క్రింద తొడుగుకొను బనియనుకును దీనికిని సంబంధము లేదు. వైద్యులు హాలక్స్ వాల్గస్ అను లాటిన్ పేరును వాడుదురు.

చూపరులకు ఇది ఎముకపై క్రొత్తగా మొలచిన గడ్డవలె తోచును. నిజమునకు అందులో క్రొత్తగా పెరిగినది స్వల్పము. చేతివ్రేలిని మడచినపుడు కణుపు పైకి పొడుచుకొని వచ్చును గదా! అట్లే బొటనవ్రేలు ఒక వైపునకు ఒరుగగా, దాని వెనుకనున్న పొడవైన ఎముక యొక్క తల రెండవ వైపునకు బయలుపడును. ఈ పొడవైన ఎముకను మొదటి ప్రపాదాస్థి అందురు. గడ్డ అని మనము తలచునది చాలవరకు ఈ ప్రపాదాస్థి తలయే. ఈ చిన్న సంగతి గ్రహించుటకు శస్త్రవైద్యులకు చాలకాలము పట్టినది. అది గ్రహించిన తరువాత మరియొక ప్రశ్న పుట్టినది: వంకర కనబడుచోటనే దోషమున్నదా, లేక వెనుక మరియొక కీలు వదులై యున్నదా? ఆ ప్రశ్న చుట్టు అల్లుకొన్న చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

చెప్పుల అపరాధము

మొదట నేరము మోపబడినది పాదరక్షలపై. ఇది అన్యాయము కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున మధ్యయుగపు శ్మశానములలో దొరకిన 177 అస్థిపంజరములను పరీక్షించి, 2021లో కొందరు పరిశోధకులు ఫలితములు ప్రకటించిరి. 11-13 శతాబ్దముల వారిలో నూటికి ఆరుగురికి మాత్రమే ఈ వంకర ఉండెను. 14, 15 శతాబ్దముల వారిలో నూటికి 27 మందికి ఉండెను. ఈ నడుమ జరిగిన మార్పేమి? సూదివలె మొన తేలిన పాదరక్షలు నాగరకతా చిహ్నములై వచ్చినవి. ఆ వేడుక ఎంత దూరము పోయినదనగా, 1463లో నాలుగవ ఎడ్వర్డు రాజు కాలమున బూటు మొన రెండంగుళములకు మించరాదని సామాన్యులకు చట్టము చేయవలసి వచ్చినది.

పాదము ఆకారమునకు తగినట్లు పాదరక్ష ఉండవలెను గాని, పాదరక్షకు తగినట్లు పాదము మారరాదని 1781లో హాలండు దేశపు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పీటర్ కాంపర్ ఒక ప్రత్యేక గ్రంథమునే వ్రాసెను. 1858లో జ్యూరిక్ నగరపు ఆచార్యుడు హెర్మన్ మేయర్ సరియైన పాదరక్ష ఆకారమును గూర్చి వ్రాయుచు, బొటనవ్రేలు తిన్నగా ముందుకు చాచుకొనుటకు చోటుండవలెనని చూపెను.

చెప్పుల ప్రభావమును లెక్కలతో చూపిన పరిశీలన 1958లో హాంకాంగునుండి వెలువడినది. అచట పాదరక్షలు ధరించు చైనీయులలో నూటికి 33 మందికి బొటనవ్రేలి వంకర ఉండగా, పడవలపై జీవించుచు వట్టికాళ్లతో తిరుగువారిలో నూటికి ఇద్దరికి మాత్రమే ఉండెను.

అయినను ఈ లెక్కలోనే ఒక చిక్కున్నది. బూటు తొడుగువారిలో నూటికి 67 మంది ఏల తప్పించుకొనిరి? వట్టికాళ్లవారిలో ఆ ఇద్దరికి ఏల వచ్చినది? ఒకే కుటుంబములో తల్లికి, కూతురునకు, మనుమరాలికి ఈ వంకర కనబడుట వైద్యులు చిరకాలమునుండి ఎరిగినదే. కాబట్టి చెప్పు ఒక కారణమే గాని, పాదములోపల కూడ ఏదో బలహీనత ఉండవలెను. ఆ బలహీనత ఎచట?

గడ్డను చెక్కిన దినములు

నొప్పి తెలియకుండ చేయు ఈథరు 1846లోను, గాయము కుళ్లకుండ కాపాడు లిస్టరు పద్ధతి 1867లోను వచ్చువరకు, ప్రాణాపాయము లేని పాదపు వంకరకు కత్తి పట్టుట సాహసమే. ఆ రెండును వచ్చిన వెనుక శస్త్రవైద్యులు ధైర్యముగా ఎముకలను ముట్టసాగిరి. హాలక్స్ వాల్గస్ అను పేరును 1870 ప్రాంతమున ప్రవేశపెట్టిన జర్మను వైద్యుడు కార్ల్ హ్యూటర్, ప్రపాదాస్థి తలనే కోసి తీసివేయు పద్ధతిని అవలంబించెను. తలనొప్పికి తల తీయుట వంటిదే యిది! నడకలో బరువు మోయవలసిన తల పోయినచో ఆ బరువు ప్రక్క ఎముకలపై పడును.

1881లో జెనీవా వైద్యుడు రెవర్డాన్ ఇంతకంటె యుక్తమైన మార్గము చూపెను. ఎముకను పూర్తిగా తీయక, తలకు వెనుక చీలవంటి ముక్క మాత్రము కోసి, మిగిలిన భాగములను దగ్గరకు చేర్చి, వంకరను సరిచేసెను. ఎముకను కోసి తిరిగి అతుకుకొననిచ్చు నేటి పద్ధతులలో అనేకమునకు మూలము ఇదియే.

1894లో లండనులో క్లటన్ అను వైద్యుడు బొటనవ్రేలి మొదటి కీలును కదలకుండ అతికివేసి వంకరను నిలిపెను. 1904లో అమెరికా సైనిక వైద్యుడు విలియం కెల్లర్ బొటనవ్రేలి ఎముక యొక్క మొదటి భాగమును తీసివేయు శస్త్రచికిత్సను ప్రకటించెను. ఇది సులభము, నొప్పి త్వరగా తగ్గును. కాని వ్రేలు పొట్టిదై, బలము తగ్గి, నేలను నొక్కి త్రోయలేకపోవును. 1923లో డేవిడ్ సిల్వర్ బొడిపెను చెక్కి, కీలు చుట్టునున్న సంచివంటి పొరను బిగించి కుట్టుటను వర్ణించెను. 1928లో ఒక్లహోమా నగర వైద్యుడు ఎర్ల్ మెక్‌బ్రైడ్, వ్రేలిని ప్రక్కకు లాగుచున్న కండరపు స్నాయువును విడదీసి, దానిని ప్రపాదాస్థి తలకే కుట్టెను. లాగి చెరచునదే లాగి సరిచేయవలెనని ఆయన యుక్తి.

ఈ పద్ధతులన్నిటికి ఒక సామాన్య లక్షణము గలదు. అన్నియు బొటనవ్రేలి మొదటను, అనగా వంకర కంటికి కనబడుచోటనే జరుగును. కొందరికి ఇవి చక్కగా పనిచేసినవి. మరికొందరిలో కొన్ని యేండ్లకు వ్రేలు మరల ఒరిగినది. కత్తి తిన్నగా నడచినను ఫలితము నిలువలేదనగా, దోషము మరియొకచోట నున్నదని అనుమానింపవలసినదే గదా!

వెనుకనున్న కీలు

1895లో రంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనుటతో చర్మము కోయకుండగనే ఎముకల పొందికను చూచుట సాధ్యమైనది. ఆ చిత్రములలో వైద్యులు రెండు కోణములు కొలువసాగిరి. మొదటిది, బొటనవ్రేలు తన ప్రపాదాస్థితో చేయు కోణము. ఇది 15 డిగ్రీలు దాటినచో వంకర అని సామాన్యముగా ఎంచుదురు. రెండవది, మొదటి రెండు ప్రపాదాస్థుల నడుమ కోణము. ఇది సామాన్యముగా 9 డిగ్రీలకు లోపలనే ఉండును. బొటనవ్రేలు వెలుపలికి ఒరిగిన పాదములలో పెక్కింటియందు ఈ రెండవ కోణము కూడ పెద్దదై, మొదటి ప్రపాదాస్థి లోపలికి విడిపోయి కనబడెను. విసనకఱ్ఱ పుల్లలలో ఒకటి మిగిలినవానినుండి విడివడినట్లు ఉండును ఆ చిత్రము.

1925లో అమెరికా వైద్యుడు ట్రస్లో, వ్యాధికి అసలు పేరు బొటనవ్రేలి వంకర కాదు, మొదటి ప్రపాదాస్థి వంకర అని వాదించెను. అంతకు ముందే 1911లో ఆల్బ్రెక్ట్ అను వైద్యుడు ఈ ప్రపాదాస్థి వెనుకనున్న కీలును అతుకుటను వర్ణించి యుండెను. ఆ కీలునకు ముందువైపు ప్రపాదాస్థి, వెనుకవైపు చీలవంటి ఆకారము గల క్యూనిఫారము ఎముక ఉండును. పాదము పైభాగమున, లోపలి అంచుకు దగ్గరగా తడిమినచో ఈ స్థానము తెలియును.

ఈ ఆలోచనకు జీవశాస్త్రపు ఆధారము సమకూర్చినవాడు డడ్లీ మోర్టన్. ఈయన అమెరికా శస్త్రవైద్యుడు. కోతుల, మానవుల పాదములను పోల్చి చూచినవాడు. చింపాంజీ బొటనవ్రేలు మన చేతి బొటనవ్రేలివలె ప్రక్కకు విచ్చుకొని కొమ్మను పట్టుకొనగలదు. దాని మొదటి ప్రపాదాస్థి వెనుక కీలు అందుకు తగినట్లు విశేషముగా కదలును. మానవుడు చెట్టు దిగి నేలపై నడచుటతో ఈ ఎముక మిగిలినవానితో వరుసలో నిలిచి, కీలు బిగిసి, బరువు మోయు దూలమైనది. కొందరిలో ఈ బిగువు పూర్తిగా ఏర్పడక పూర్వపు వదులు మిగిలిపోవునని మోర్టన్ భావించెను. 1928లో ఆయన ఈ అధిక చలనమును గూర్చి వ్యాసము ప్రకటించెను. మొదటి ఎముక వదులైనచో బరువు మోయక పైకి తప్పుకొనును. ఆ భారమంతయు సన్నని రెండవ ప్రపాదాస్థిపై పడును. దాని క్రింద చర్మము కాయకాచి నొప్పి పుట్టునని ఆయన వివరణము.

1934లో పాల్ లాపిడస్ ఈ రెండు ధారలను ఒకచోట చేర్చెను. రష్యాలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన ఈ శస్త్రవైద్యుడు, మోర్టన్ చెప్పిన వదులు కీలే బొటనవ్రేలి వంకరకు మూలమని తలంచి, ఆ కీలునే అతికివేయుటకు పూనుకొనెను. 1931నుండి ఈ పని చేయుచు 1934లో ప్రకటించుటచే ఈ చికిత్స నేటికిని ఆయన పేరుతోనే నడచుచున్నది. తనకు ముందు ఆల్బ్రెక్ట్ చేసిన పనిని లాపిడస్ స్వయముగా పేర్కొనెను.

ఆయన తర్కమును మన యింటి తలుపుతో సులభముగా గ్రహింపవచ్చును. పై మడతబందు మరలు వదులైనచో తలుపు రెక్క వాలి, దాని కొస గడపకు రాచుకొనును. రాచుకొనుచున్న అంచును చిత్రిక పట్టిన కొన్నాళ్లు తలుపు చక్కగా పడును. తరువాత రెక్క మరికొంత వాలును. తెలిసిన వడ్రంగి మడతబందు మరలను బిగించును. సిల్వర్, మెక్‌బ్రైడ్ అంచును చెక్కిరి. లాపిడస్ మడతబందును బిగించెను.

అతికిన కీలు, చెల్లించిన వెల

ఈ చికిత్సలో ప్రపాదాస్థికిని క్యూనిఫారము ఎముకకును నడుమనున్న మృదులాస్థిని గీకివేసి, ఎముకను వరుసలోనికి త్రిప్పి, రెండు ముఖములను అదిమి పెట్టుదురు. విరిగిన ఎముక అతుకుకొన్నట్లే ఈ రెండును కలిసి ఏకమగును. లాపిడస్ మొదటి రెండు ప్రపాదాస్థుల మొదళ్లను కూడ పరస్పరము అతికెను. నిలుపుటకు ఆయన మొదట వాడినది జంతువుల ప్రేగులనుండి చేసిన కుట్టుదారము.

దారము ఎముకను గట్టిగా పట్టలేదు. రోగి వారముల తరబడి ఆ కాలిపై బరువు మోపరాదు. అయినను కొందరిలో అతుకు పడలేదు. కొందరిలో ముఖములను గీకుటచే ఎముక పొట్టిదై, లేక కొంచెము పైకి ఎత్తుకొని అతికి, బరువు మరల రెండవ ఎముకపైననే పడినది. ఏ నొప్పిని తప్పింపబూనిరో ఆ నొప్పియే తిరిగి వచ్చినదన్నమాట. 1960లో లాపిడస్ తన మూడు దశాబ్దముల అనుభవమును సమీక్షించి ప్రకటించెను గాని, అధిక సంఖ్యాకులు ఈ కష్టమైన పనికి పూనుకొనలేదు. ప్రపాదాస్థిని కోసి జరుపు సులభ మార్గములే వ్యాపించినవి. 1958లో మిచెల్, 1981లో ఆస్టిన్ ప్రకటించిన పద్ధతులు వీనిలో పేరుపొందినవి. ఆస్టిన్ ఎముక తలను ప్రక్కకు తిప్పిన ఆంగ్లపు వీ అక్షరము ఆకారమున కోసి జరిపెను. ఆ గాడియే తలను జారకుండ పట్టును.

లాపిడస్ చికిత్సకు రెండవ జన్మ ఎముకల మరలతో వచ్చినది. 1989లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు సాంజోర్జాన్, హాన్సెన్ లోహపు మరలతో ముఖములను బిగబట్టు సంస్కరించిన పద్ధతిని ప్రకటించిరి. అటుపై మరలతోబాటు లోహపు పట్టీలు కూడ వాడుకలోనికి వచ్చినవి. పనిముట్టు మెరుగుపడుటతో సిద్ధాంతమునకు కూడ బలము వచ్చినట్లు తోచినది. వదులు పాదమునకు లాపిడస్ చికిత్స, గట్టి పాదమునకు ఎముక కోత అని పెక్కుమంది వైద్యులు విభాగము చేసికొనిరి.

వదులు అనగా ఎంత?

ఇచట విజ్ఞానశాస్త్రము అడుగవలసిన ప్రశ్న ఒకటి గలదు. వదులు అనుమాట అందరు అనుచున్నారు, దానిని కొలిచినవారెవరు? వైద్యుడు ఒక చేతితో మిగిలిన ప్రపాదాస్థులను పట్టి, రెండవ చేతి బొటనవ్రేలితో మొదటి దానిని పైకిని క్రిందికిని కదల్చి, వదులు అనియో కాదనియో చెప్పును. ఒకే పాదమును ఇద్దరు పరీక్షించినచో ఇద్దరి తీర్పు ఒకటి కాకపోవచ్చును. జ్వరమున్నదని నుదుట చేయివైచి చెప్పుటకును, ఉష్ణమాపకము పెట్టి చెప్పుటకును గల భేదమే ఇచటను గలదు.

మోర్టన్ చెప్పిన మరియొక మాట అంతకు ముందే పరీక్షకు గురియైనది. మొదటి ప్రపాదాస్థి పొట్టిగా నుండుట పాదపు నొప్పులకు ముఖ్య కారణమని ఆయన అనెను. కెనడా సైన్యములో మూడువేలకు పైగా సైనికుల పాదములను పరీక్షించిన హారిస్, బీత్ అను వైద్యులు, ఆ పొట్టి ఎముకకును బాధకును చెప్పుకోదగిన సంబంధము లేదని 1949లో ప్రకటించిరి. పెద్ద సంఖ్యలో మనుష్యులను చూచినపుడు అందమైన సిద్ధాంతములు కొన్ని నిలువవు.

వదులును కొలుచు పరికరమును 1994లో క్లావ్ అను వైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించిరి. పాదమును చట్రములో నిలిపి, మొదటి ప్రపాదాస్థి ఎన్ని మిల్లీమీటర్లు పైకి లేచునో ఇది చూపును. బొటనవ్రేలు వంకరగా నున్నవారిలో ఈ చలనము సగటున హెచ్చుగానే కనబడెను. మోర్టన్, లాపిడస్‌ల మాటకు ఇది సాక్ష్యమువలె నుండెను.

ఒక కీలే గాక శరీరమందలి కీళ్లన్నియు వదులుగా నుండువారును గలరు. దీనిని కొలుచుటకు బైటన్, ఆయన సహచరులు 1973లో దక్షిణాఫ్రికాలో జరిపిన పరిశీలనలో వాడిన తొమ్మిది మార్కుల పద్ధతి నేటికిని ప్రచారములో నున్నది. చిటికెన వ్రేలు వెనుకకు 90 డిగ్రీలు దాటి వంగునా? చేతి బొటనవ్రేలు ముంజేతిని తాకునా? మోచేయి, మోకాలు తిన్నని రేఖను పది డిగ్రీలకు మించి వెనుకకు పోవునా? ఈ నాలుగింటికి కుడి యెడమలకు ఒక్కొక్క మార్కు చొప్పున ఎనిమిది. మోకాళ్లు మడవక ముందుకు వంగి అరచేతులు నేలకు ఆనించగలిగిన తొమ్మిదవది. తరగతిలో పిల్లలు బలవంతము చేయక ఈ పరీక్ష చేసికొని చూడవచ్చును. బాల్యములో మార్కులు హెచ్చుగా నుండుట సామాన్యము; అది వ్యాధి కాదు. సంధిబంధనములకు బలమిచ్చు కొలాజెన్ అను మాంసకృత్తులో గాని, దానికి సంబంధించిన పదార్థములలో గాని పుట్టుకతోనే లోపమున్నవారి సంగతి వేరు. ఇట్టి వ్యాధులలో ఎహ్లర్స్-డాన్లస్ వర్గము ముఖ్యమైనది. వారికి కీళ్లు మాటిమాటికి తొలగును. కుట్టిన కణజాలము మరల సాగును.

వదులు బంధనములకును పాదరక్షలకును గల సంబంధమును గూర్చి మన దేశమునుండి వచ్చిన ఒక పరిశీలన ఇచట చెప్పదగినది. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 2300 మంది పిల్లల పాదములను పరీక్షించి 1992లో ఫలితములు ప్రకటించిరి. వారు చూచినది బొటనవ్రేలి వంకర కాదు, చదును పాదము. పాదరక్షలు వాడు పిల్లలలో నూటికి 8.6 మందికి, వాడనివారిలో 2.8 మందికి పాదములు చదునుగా ఉండెను. ఈ భేదము కీళ్లు వదులైన పిల్లలలో మరింత స్పష్టముగా నుండెను. బలహీనత ఉన్నచోటనే బయటి కారణము హెచ్చుగా పనిచేయునని ఇది సూచించును.

కారణమా, ఫలితమా?

వంకర పాదములో కీలు వదులుగా నున్నదని కొలత చూపినది. కాని వదులుచేత వంకర వచ్చినదా, వంకరచేత వదులు వచ్చినదా? రెండును ఒకచోట కనబడినంత మాత్రమున ఏది ముందో తెలియదు.

దీనికి తాళపుచెవివంటి సంగతిని 1954లోనే ఆంగ్లేయ వైద్యుడు హిక్స్ చూపి యుండెను. మడమనుండి వ్రేళ్ల మొదళ్లవరకు అరికాలిలో ఒక గట్టి పొర పరచుకొని యున్నది. బొటనవ్రేలు పైకి లేచినపుడు ఈ పొర, బావి గిలకపై చేదత్రాడు చుట్టుకొన్నట్లు, ప్రపాదాస్థి తల క్రిందుగా చుట్టుకొని బిగియును, పాదపు వంపు పైకి లేచును, కీళ్లన్నియు గట్టిపడును. నిలిచియుండి మరియొకరిచే మీ బొటనవ్రేలిని పైకి ఎత్తించుకొన్నచో వంపు లేచుట కంటికి కనబడును. ఇపుడు ఎముక తల ప్రక్కకు జరిగినచో ఏమగును? గిలకనుండి త్రాడు జారినట్లే. త్రాడు ఉన్నది, గిలక ఉన్నది, కాని బిగింపు లేదు. అపుడు వెనుక కీలు చేతికి వదులుగా తోచును. దోషము కీలులో లేకపోయినను!

ఇది నిజమైనచో ఒక పర్యవసానము ఉండవలెను. వెనుక కీలును ముట్టక, ఎముకను మాత్రము వరుసలోనికి తెచ్చినను వదులు తగ్గవలెను. కఫ్లిన్, ఆయన సహచరులు మృతుల పాదములపై ఈ పరీక్ష చేసి 2004లో ప్రకటించిరి. ప్రపాదాస్థిని కోసి వంకర సరిచేయగా, ముట్టని ఆ కీలు చలనము ఇంచుమించు సగమునకు తగ్గినది. తలుపు ఉపమానము ఇచట తలక్రిందులైనది. మడతబందు చెడి రెక్క వాలలేదు. రెక్క ఒరుగుటచేతనే మడతబందు ఊగుచున్నట్లు కనబడినది.

అదే సంవత్సరము హాలండు వైద్యులు ఫేబర్, మల్డర్, వెర్హార్ సజీవ రోగులలో ఈ విషయమును తేల్చుటకు పూనుకొనిన ఫలితము వెలువడినది. 101 పాదములను యాదృచ్ఛికముగా రెండు భాగములు చేసి, ఒక భాగమునకు లాపిడస్ చికిత్సయు, రెండవ దానికి జర్మను వైద్యుడు హోమన్ పేరున నడచు ఎముక కోతయు చేసిరి. ఎవరికి ఏది చేయవలెనో వైద్యుని ఇష్టమునకు వదలక చీటీల చందమున నిర్ణయించుటలోనే ఈ పద్ధతి బలమున్నది. రెండు భాగముల ఫలితములును సమానముగా ఉండెను. చికిత్సకు ముందు కీలు వదులుగా నున్నదని గుర్తించిన పాదములలో కూడ లాపిడస్ చికిత్సకు ఆధిక్యము కనబడలేదు. 5 నుండి 11 యేండ్లవరకు గమనించి 2013లో ప్రకటించిన ఫలితములును దీనినే బలపరచినవి.

ఇంతటితో లాపిడస్ ఓడిపోయెనని తీర్పు చెప్పరాదు. ఆ పరీక్ష ఎహ్లర్స్-డాన్లస్ వంటి వ్యాధులవారికొరకు ఏర్పరచినది కాదు. బంధనములే సారహీనమైనపుడు, సాగెడు పొరను బిగించి కుట్టిన చికిత్స నిలుచుననుకొనుట కష్టము; ఎముకను ఎముకతో అతికిన అతుకు సాగదు. కాబట్టి అట్టివారి విషయమున కీలును అతుకుటకు నేటికిని బలమైన యుక్తి గలదు. తేలినదేమనగా, వైద్యుని చేతికి వదులుగా తోచిన ప్రతి పాదమునకు కీలును బలి ఇయ్యనక్కరలేదు.

నేటి స్థితి

నేడు శస్త్రవైద్యుని ఎదుట పలుమార్గములు గలవు. వంకర స్వల్పముగానో మధ్యమముగానో ఉన్నచో ఎముకను కోసి జరుపుట సామాన్యము. ప్రపాదాస్థుల నడుమ కోణము చాల పెద్దదైనపుడు, వెనుక కీలు స్పష్టముగా స్థిరత్వము కోల్పోయినపుడు, లేక అరిగినపుడు, మునుపటి చికిత్స విఫలమై వంకర తిరిగి వచ్చినపుడు లాపిడస్ పద్ధతిని ఎన్నుకొందురు. కీళ్లవాతముచే బొటనవ్రేలి కీలే పాడైనవారికి, మెదడు దెబ్బచే కండరములు బిగిసి వ్రేలిని లాగుచున్నవారికి ఆ ముందు కీలునే అతుకుదురు. క్లటన్ 1894లో చేసి, మెకీవర్ 1952లో మెరుగుపరచి ప్రచారము చేసిన మార్గమిది. గడ్డను మాత్రము చెక్కుట ఒంటరిగా చాలునని నేడు తలచువారు తక్కువ.

ఇటీవల మరియొక సంగతి కూడ వెలుగులోనికి వచ్చినది. రోగి నిలుచుండగా తీయు త్రిపరిమాణ ఎక్స్-కిరణ చిత్రములలో, మొదటి ప్రపాదాస్థి ప్రక్కకు జరుగుటయే గాక, పెక్కుమందిలో తన అక్షముపై కొంత తిరిగి యుండుట కనబడుచున్నది. కాగితముపై చదునుగా పడిన చిత్రములో కోణములు కొలిచిన నూరేండ్లలో ఈ త్రిప్పుడు చాలవరకు తప్పించుకొన్నది. లాపిడస్ చికిత్సలో ఎముకను మొదటనే విడదీసి అమర్చుటచే ఈ త్రిప్పుడును సరిచేయ వీలగుచున్నది. కావున ఆయన చేసిన పని నిలిచినది. దానికి ఆయన చెప్పిన కారణము మాత్రము మార్పు చెందుచున్నది. విజ్ఞాన చరిత్రలో ఇది అరుదైన సంగతి కాదు.

ఏ మార్గము పట్టినను శస్త్రచికిత్స నొప్పికొరకే గాని అందముకొరకు కాదని వైద్యులు హెచ్చరింతురు. నొప్పి లేని వంకరకు ముందువైపు వెడల్పైన, మెత్తని పాదరక్షయే మొదటి ఔషధము. అది వంకరను సరిచేయదు, ఒరపిడిని తప్పించును. ఎదుగుచున్న బాలబాలికలకు పొట్టియైన బూట్లు తొడిగించి, వ్రేళ్లను మొన వైపు నొక్కివేయుట మానవలెను. కాగితముపై పాదమునుంచి పెన్సిలుతో చుట్టును గీచి, దానిపై బూటు అడుగును పెట్టి చూచినచో, బూటు పాదముకొరకు చేసినదో కాదో ప్రతి విద్యార్థియు స్వయముగా తెలిసికొనవచ్చును.

కీళ్లు వదులైన పిల్లలు తరగతిలో ఉన్నచో ఉపాధ్యాయులు ఎరిగి యుండవలసిన దొకటి గలదు. వ్రేళ్లను వెనుకకు విరిచి తోటివారిని నవ్వించు బాలుడు సాయంకాలమునకు కాళ్లు నొచ్చుచున్నవని చెప్పినపుడు, అది వ్యాయామము తప్పించుకొనుటకు చెప్పిన సాకు అని త్రోసివేయరాదు. అట్టివానిని భయపెట్టనక్కరలేదు, వైద్యునికి చూపుమని తల్లిదండ్రులకు చెప్పిన చాలును.

బొడిపెను చూచినవారు బొడిపెను చెక్కిరి. కోణమును చూచినవారు ఎముకను కోసిరి. వదులును చూచినవారు కీలును అతికిరి. వారిలో ఎవ్వరును మూఢులు కారు. తమకు కనబడినదానికి చికిత్స చేసిరి. కనబడినది కారణమా ఫలితమా అని విడదీయుటకు మాత్రము, 1934నుండి 2004వరకు, డెబ్బది యేండ్లు పట్టినది. దానిని విడదీసినవి మిల్లీమీటర్లు చూపిన ఒక చట్రము, చీటీల చందమున పంచిన 101 పాదములు.